జాబిల్లిపాడు తూకం అధికారి ఎముకలు

1. వైశాఖం

జాబిల్లిపాడు తూకం కార్యాలయం. చిట్టా రాస్తున్నది కుడుపూడి త్రిమూర్తులు, తూకం అధికారి.

ఈ వారం కూడా ఊరంతా తూగింది. చంద్రుడి మీద మనిషి బరువు భూమ్మీది బరువులో ఆరోవంతే కాబట్టి, మా తూకం దాన్ని భూమి లెక్కకు మార్చి చూపిస్తుంది. పొడుగుకు తగ్గ బరువుంటే పచ్చదీపం. పైఅంచుకు చేరితే పసుపు. దాటితే ఎరుపు. ఎరుపు వెలిగినవాళ్లకు భోజనశాలలో తీపి ఆపేస్తారు. అందుకే ఊళ్లో నాకు గౌరవం ఎక్కువ, స్నేహితులు తక్కువ.

నేను కోనసీమలో పుట్టి, మీసాలు సరిగ్గా రాని వయసులో ఇక్కడికి వచ్చాను. ఆనాటి నుంచి నా బరువు పెరిగిందీ లేదు, తగ్గిందీ లేదు. వచ్చిన రోజు వేసుకున్న చొక్కా ఇప్పటికీ పడుతుంది. కొత్తగా వచ్చేవాళ్లకు ఆ చొక్కా చూపించి నా పద్ధతి గురించి రెండు మాటలు చెబుతాను. తూకం ముందురోజు ఉపవాసం, తూకం అయిన రోజు జంతికలు. వ్యాయామం గదికి వెళ్లి చెమటలు కక్కాల్సిన అవసరం నాకు ఎన్నడూ రాలేదు. పచ్చదీపం వెలుగుతున్నవాడికి వ్యాయామం దేనికి?

మా ఆవిడ సత్యవేణి ఇక్కడే పుట్టింది. మంచుగనిలో దిమ్మలు ఎత్తే ముఠాకు మేస్త్రీ. గనివాళ్ల పిల్లలందరిలాగే చిన్నప్పటి నుంచి సీసం కుట్టిన జాకెట్టు వేసుకుని తిరిగిన మనిషి. తూకం ఎక్కేటప్పుడు అది విప్పేస్తుంది. అయినా దీపం పసుపు అంచునే ఊగుతుంది. ఈ వారం ఆ అంచు మరీ దగ్గరైంది. భార్య అని చూడకుండా అందరి ఎదుటా హెచ్చరించాను. ఆవిడ విప్పిన జాకెట్టు నా చేతుల్లో పెట్టి, చెప్పులు వేసుకునేదాకా పట్టుకోమంది. నాకు వేరే పని ఉండటంవల్ల కింద పెట్టేశాను.

ఒక శుభవార్త. కాకినాడ నింగిరేవులో ఆవిడకు ఉద్యోగం వచ్చింది. చంద్రుడికి రాబోయే కొత్తవాళ్లకు ఇక్కడ బరువులు ఎలా ఎత్తాలో నేర్పాలి. మనుషుల నౌక ఏడాదికి ఒక్కటే. పుష్యమాసంలో ఇద్దరం ఎక్కాలి. సత్యవేణి భూమిని ఇంతవరకు కిటికీలోంచే చూసింది. తలమీద గాజుటోపీ లేకుండా ఆరుబయట నిలబడితే ఎలా ఉంటుందని రోజూ అడుగుతోంది. గాలికి జుట్టు రేగుతుందని చెప్పాను. ఎవరూ పంకా వేయకుండా గాలి ఎందుకు కదులుతుందని అడిగింది.

వైద్యశాలకు కొత్త యంత్రం వస్తోందట. మనిషిని పడుకోబెట్టి ఎముకెంత, కండెంత, కొవ్వెంత అని విడివిడిగా చెబుతుందట. మొత్తం తెలిశాక మళ్లీ విడదీయడం ఎందుకో నాకు బోధపడలేదు.

2. జ్యేష్ఠం

కొత్త యంత్రం ప్రారంభోత్సవం జరిగింది. డాక్టర్ మెహజబీన్ కర్నూలు మనిషి. నవ్వుతూనే సూది గుచ్చే రకం. మొదట ఎవరు పడుకుంటారని అడిగితే అందరూ నేల చూశారు. ఆదర్శంగా ఉంటుందని నేను ముందుకు వెళ్లాను. పడుకునే ముందు చొక్కా గురించి చెప్పాను.

ఫలితం గోడమీది తెరపై అందరికీ కనబడేలా ఏర్పాటు చేశారు. నా బొమ్మ మెడదాకా వచ్చిందో లేదో డాక్టరు తెర ఆపేసింది. నా ఫలితం చూసి మిగతావాళ్లు చిన్నబుచ్చుకుంటారని కాబోలు అనుకున్నాను. చప్పట్లు కూడా స్వీకరించాను.

తర్వాత ఆవిడ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. నా బరువులో మూడోవంతు కొవ్వేనట. అది పైకి కనబడకుండా పొట్టలోపల పేగుల చుట్టూ సర్దుకుని కూర్చుందట. కండ కరిగిపోయిందట. ఎముకలు నా వయసుకు ఇరవై ఏళ్లు పెద్దవాడివిలా పలచబడ్డాయట. దారిలో కుదుపులకు యంత్రం చెడిపోయి ఉంటుందని చెప్పాను. ఆవిడ ఓపిగ్గా రెండోసారి పడుకోబెట్టింది. రెండోసారి ఇంకొంచెం అధ్వానంగా వచ్చింది.

నా బరువు ఇన్నేళ్లలో ఇసుమంత కూడా మారలేదని గుర్తుచేశాను.

“నిజమే త్రిమూర్తులుగారూ, బరువు మారలేదు” అంది డాక్టరు. “ఇంట్లో అద్దెకుండేవాళ్లు మారారు. కండ ఖాళీ చేసి వెళ్లిపోయింది, ఆ గదుల్లో కొవ్వు దిగింది. మీ తూకం గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెడుతుంది. లోపల ఎవరున్నారని అడగదు.”

అసలు సంగతి ఆ తర్వాత చెప్పింది. భూమికి వెళ్లేవాళ్లు ఇకమీదట ఎముక పరీక్ష నెగ్గాలి. దిగేటప్పుడు మీదపడే బరువుకు పలచటి ఎముకలు పటుక్కుమంటాయి. నావి హద్దుకు కింద ఉన్నాయి. ఇలా ఉంటే నౌక ఎక్కనివ్వరు.

మా ఆవిడకు చెప్పవద్దని బతిమాలాను. అది చెప్పాల్సింది తాను కాదని, అయితే తొందరగా చెప్పమని అంది.

3. జ్యేష్ఠం, చివరి వారం

ఇంకా చెప్పలేదు.

సత్యవేణి కూడా యంత్రం కింద పడుకుంది. ఆవిడ ఎముకల బొమ్మ చూడటానికి వైద్యశాలలో ఉన్నవాళ్లంతా పనులాపి వచ్చారట. కొవ్వు ఉండవలసినంతే ఉందట. మిగిలినదంతా కండేనట. ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెప్పి, మీదెలా వచ్చిందండీ అని అడిగింది. తెర సరిగా పనిచేయలేదన్నాను. అది అబద్ధం కాదు.

ఇలాంటప్పుడు మనిషికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. నాకు నా ఉద్యోగం ఉంది. ఈ వారం సత్యవేణి తూకం ఎక్కితే పసుపుదీపం వెలిగింది. నోటిమాటతో పోనివ్వచ్చు. కానీ నియమం నియమమే. పసుపు వచ్చినవాళ్ల చీటీమీద ఇనుప ముద్ర పడాలి. వరసలో ముప్పైమంది చూస్తుండగా, నా నిష్పక్షపాతం అందరికీ వినబడేటట్టు, ముద్రను భుజందాకా ఎత్తి బల్లమీద దించాను.

రెండు చప్పుళ్లు వచ్చాయి. ఒకటి ముద్రది.

మణికట్టు విరిగింది. జాబిల్లిపాడులో పైకప్పు మీంచి జారిపడ్డవాళ్లు కూడా దులుపుకుని లేచి వెళతారు. చీటీమీద ముద్ర వేసి చెయ్యి విరగ్గొట్టుకున్నవాణ్ని నేనొక్కణ్నేనని డాక్టరు కట్టు కడుతూ చెప్పింది.

సత్యవేణి పక్కనే కూర్చుని నా ముఖం తుడిచింది. డాక్టరు బయటికి వెళ్లేదాకా ఆగి అంది:

“మీరు నాకు పసుపు ముద్దరేత్తారని తెలుసండి. చెయ్యిరగ్గొట్టుకుని మరీ ఏత్తారనుకోలేదండి. ఇప్పుడు చెప్పండి, ఆ తెరమీద ఏం కనబడింది?”

చెప్పేశాను. చెబుతుంటే ఆవిడకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కిటికీవైపు తిరిగి భూమిని చూస్తూ కూర్చుంది. కోపం వచ్చి ఉంటే బాగుండేది.

4. ఆషాఢం

సత్యవేణి డాక్టరు దగ్గరికి వెళ్లి గట్టిగా మాట్లాడి వచ్చింది. కాస్త కొవ్వుంటే ఎముకలకు పరుపులా ఉంటుందని తన తల్లి చెప్పేదట, అది తప్పా అని అడిగిందట. బాగా లావుపాటివాళ్ల సంగతి వేరు, మోసే బరువువల్ల వాళ్ల ఎముకలకు కొంత బలం రావచ్చు అందట డాక్టరు. కానీ బరువు సరిగ్గా ఉన్నవాళ్లలో, ఆ బరువులో కొవ్వు వాటా ఎంత ఎక్కువైతే ఎముక అంత పలచగా కనబడుతుందట. పైకి సన్నగా ఉంటారు గనుక వాళ్లని ఎవరూ అనుమానించరు. వాళ్లను వాళ్లు అసలే అనుమానించరు.

ఈ చివరి మాట డాక్టరు అన్నదో, మా ఆవిడ కలిపిందో తెలియదు.

నువ్వు పుష్యంలో వెళ్లిపో, నేను పై ఏడాది వస్తానని అన్నాను. ఉద్యోగం ఆగదు కదా. ఆవిడ గిన్నెలు సర్దుతూనే జవాబిచ్చింది.

“నౌకొచ్చేది పుష్యంలోనండి. అప్పటిదాకా మీ ఎముకలకి నేను మేస్త్రీనండి. రేపట్నించి పనిలోకి రండి.”

కట్టు ఉంది కదా అన్నాను. కాళ్లకు లేదు కదా అంది.

5. శ్రావణం

మేస్త్రీ పద్ధతి నాకు నచ్చలేదు. నా పద్ధతి నేను ఆలోచించాను. దోషం కొవ్వుది కాబట్టి కొవ్వును పంపేస్తే ఎముక దానంతటదే తేరుకోవాలి. మధ్యాహ్నం భోజనం మానేశాను. రాత్రి గ్లాసుడు మజ్జిగ. జంతికల డబ్బా పొరుగువాళ్లకు ఇచ్చేశాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

నెల తిరిగేసరికి తూకంలో ముల్లు కదిలింది. ఇక్కడికి వచ్చాక నా బరువు మారడం ఇదే మొదటిసారి. చొక్కా వదులైంది. గొప్పగా వైద్యశాలకు వెళ్లి, అడక్కుండానే యంత్రం ఎక్కి పడుకున్నాను.

కొవ్వు కొంచెం తగ్గింది. కండ అంతకన్నా ఎక్కువ తగ్గింది. ఎముక కూడా ఇంకొంచెం తగ్గింది.

డాక్టరు ఈసారి నవ్వలేదు. కొవ్వు శత్రువు కాదని, బొత్తిగా లేకపోయినా ఎముక చిక్కిపోతుందని, గొడవంతా వాటాల దగ్గరేనని చెప్పింది. ఎముక లోపలి మూలుగలో ఒక రకం విత్తనాలు ఉంటాయట. అదే విత్తనం ఎముకగానూ మారగలదు, కొవ్వుగానూ మారగలదు. పని చెప్పే శరీరంలో ఎముకవైపు మొగ్గుతుంది, కూర్చోబెట్టే శరీరంలో కొవ్వువైపు మొగ్గుతుంది. నేను ఇన్నేళ్లూ దాన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. ఇప్పుడు తిండి కూడా మాన్పించాను.

పప్పు, గుడ్లు, రాగిజావ కడుపునిండా తినమంది. బరువులు ఎత్తమంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎముకకు తెలిసేటట్టు నేలను గట్టిగా తన్నమంది. చంద్రుడి మీద నేలను తంతే మనిషి పైకప్పుకు తగులుకుంటాడు కదా అన్నాను.

దానికి మీ ఇంట్లోనే మార్గం ఉందని డాక్టరు చెప్పింది. నాకు వెంటనే అర్థమైంది. అర్థం కానట్టు ఇంటికి వచ్చాను.

6. భాద్రపదం

మార్గం పేరు కోలాటం.

గని ఆడవాళ్లు సాయంత్రాలు పాత గిడ్డంగిలో కోలాటం ఆడతారు. కాళ్లకు సీసపు కడియాలు. నడుముకు ఒక పట్టీ. పట్టీ నుంచి నేలలోని గొళ్లేనికి సాగే తాళ్లు. ఎగిరిన మనిషిని ఆ తాళ్లు కిందకి లాగి నేలకేసి కొడతాయి. ఇన్నాళ్లూ ఆ చప్పుడుకు నా కార్యాలయంలో తూకం ముల్లు వణుకుతోందని మూడుసార్లు ఫిర్యాదు చేశాను. ఇప్పుడు అదే గిడ్డంగిలో ఇరవైమంది ఆడవాళ్ల మధ్య, చేతిలో రెండు కర్రలతో నిలబడ్డాను. వాళ్లలో సగంమందికి నేను ఎప్పుడో ఒకప్పుడు తీపి ఆపించినవాణ్నే.

ఎవరూ ఎగతాళి చేయలేదు. చాలా మర్యాదగా, త్రిమూర్తులుగారూ ఇలా రండి అని మధ్యలో నిలబెట్టారు. అదే ఎక్కువ భయపెట్టింది.

మొదటి సాయంత్రం నా తాడు గొళ్లెంలోంచి ఊడింది. పల్లవి ఎత్తుకున్నప్పుడు లేచి, కప్పు తాకి, పల్లవి అయిపోయాక దిగాను. పాట ఎవరూ ఆపలేదు. దిగేటప్పుడు నా కింద చోటు మాత్రం వదిలారు. సత్యవేణి ఆడుతూనే పక్కకు వచ్చి గొళ్లెం బిగించి, తాళం తప్పకుండా వెనక్కి వెళ్లింది.

రెండో వారానికి పిక్కలు రాళ్లయ్యాయి. మూడో వారం నుంచి రాత్రి అన్నం మారు అడుగుతున్నాను. ఒళ్లు నొప్పులకు సత్యవేణి కాపడం పెడుతుంటే, ఇన్నేళ్లూ ఇంత పని చేసి వచ్చి ఏమీ అనకుండా ఎలా ఉన్నావని అడిగాను. అలవాటండి అంది.



7. ఆశ్వయుజం

కార్యాలయంలో గొడవ జరిగింది.

ఊరంతా యంత్రం కింద పడుకోవడం పూర్తయింది. పచ్చదీపంవాళ్లలో చాలామంది నాలాంటివాళ్లేనని తేలింది. బరువు సక్రమం, లోపల కొవ్వు, పలచటి ఎముక. వాళ్లందరూ వరసకట్టి వచ్చి, ఇన్నేళ్లూ నీ దీపం మాకెందుకు అబద్ధం చెప్పిందని నిలదీశారు. వాళ్లలో ఊరి అధ్యక్షుడు కూడా ఉన్నాడు. తన కుర్చీ కూడా వెంట తెచ్చుకున్నాడు.

తూకం అబద్ధం చెప్పలేదని చెప్పాను. మనం దాన్ని ఒక్క ప్రశ్నే అడిగి, అన్ని ప్రశ్నలకూ అదే జవాబు అనుకున్నామని చెప్పాను. ఆ తర్వాత చొక్కా విప్పి, తగ్గుతున్న పొట్టనూ కట్టు విప్పిన మణికట్టునూ చూపించాను. నా ఉపన్యాసాల్లో దానికే జనం ఎక్కువ శ్రద్ధ పెట్టారు.

మూడు దీపాలకూ తీగలు తీసేశాను. తీపి ఆపే నియమం కూడా డాక్టరు సలహామీద అధ్యక్షుడు రద్దు చేశాడు. వచ్చినవాళ్లను వచ్చినట్టు గిడ్డంగికి పంపాను. వారం తిరక్కుండా గొళ్లేలు చాలక కొత్తవి పాతాల్సి వచ్చింది. అధ్యక్షుడికి తాళం జ్ఞానం లేదు. ఎదుటివాళ్ల కర్రకు తగలాల్సిన దెబ్బ ఎదుటివాళ్లకే తగులుతోంది.

8. కార్తీకం

ఇవాళ ఆఖరి పరీక్ష.

కొవ్వు తగ్గింది. కండ పెరిగింది. బరువు మొదట ఎంత ఉందో మళ్లీ అంతే ఉంది. ఎముక పలచబడటం ఆగి, వెంట్రుకవాసి పెరిగింది. హద్దుకు మాత్రం ఇంకా కిందే ఉంది.

కండ నెలల్లో వస్తుంది, ఎముకకు ఏళ్లు పడుతుందని డాక్టరు మెల్లగా చెప్పింది. ఆవిడకూ కష్టంగానే ఉన్నట్టుంది.

ఇంటికి వచ్చి సత్యవేణిని కూర్చోబెట్టాను. చెప్పాల్సిందంతా దారిలోనే సిద్ధం చేసుకున్నాను. కాకినాడ ఉద్యోగం మళ్లీ రాదని, ఆవిడ ఎముకలకు ఏ లోటూ లేదని, నా వంట నేను చేసుకోగలనని, పై ఏటి నౌకకు తప్పకుండా వస్తానని వరసగా చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా విన్నది.

“బాగా చెప్పారండి” అంది. “కానీ నేనెత్తిన దిమ్మని సగం దారిలో దింపేసి ఎల్లడం నాకలవాటు లేదండి. రేపు డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం ఎల్దాం. ఇంకో దారుందేమో అడుగుదాం.”

నన్ను దిమ్మ అన్నందుకు ఏమీ అనిపించలేదు. లేచి వెళ్లి ముఖం కడుక్కున్నాను. నీళ్లు ఇక్కడ నెమ్మదిగా జారతాయి. చాలాసేపు పట్టింది.

9. కార్తీకం, మర్నాడు

దారి ఉంది. నౌక వెళ్లే దోవలో గిరగిర తిరిగే మజిలీ ఒకటి ఉంది. తిరుగుడు వేగాన్నిబట్టి అందులో బరువు పుడుతుంది. అక్కడ బరువును మెల్లమెల్లగా భూమి బరువుదాకా పెంచుతారట. ఎముక హద్దుకు కాస్త కింద ఉన్నా, తగ్గడం ఆగినవాళ్లు అక్కడ కొంతకాలం ఉండి, మళ్లీ పరీక్ష నెగ్గి దిగవచ్చు. జ్యేష్ఠంలోలాగా ఎముకలు ఇంకా పలచబడుతూ ఉంటే అక్కడికి కూడా రానిచ్చేవాళ్లు కాదని డాక్టరు అంది. ఇప్పుడు రానిస్తారు. వెంట్రుకవాసి విలువ అంత.

సత్యవేణి వెంటనే నింగిరేవువాళ్లతో మాట్లాడింది. చంద్రుడికి వచ్చే కొత్తవాళ్లు ఎటూ ఆ మజిలీలో ఆగే వస్తారు. అంతవరకు అక్కడే నేర్పుతానంది. వాళ్లు ఒప్పుకున్నారు. ఆవిడ అడిగిన తీరులో ఒప్పుకోకపోవడానికి అవకాశం లేదు.

డాక్టర్ మెహజబీన్ వెంట తీసుకెళ్లమని నాకొక జత కోలాటం కర్రలు ఇచ్చింది.

10. పుష్యం

గిరగిర మజిలీ నుంచి రాస్తున్నాను. చేతిరాత వంకరగా ఉంటే మన్నించాలి. కలం బరువుగా ఉంది.

ఇవాళ నౌక దిగి, లిఫ్టులో అడుగు అంతస్తుకు వచ్చాం. అక్కడ భూమి బరువులో సగం ఉంటుంది. సత్యవేణి గురించి నాకు ఏ బెంగా లేదు. బెంగంతా నా గురించే. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని తలుపు తెరుచుకునేదాకా ఊపిరి బిగబట్టాను.

తలుపు తెరుచుకుంది. రెండడుగులు వేశాం. సత్యవేణి ఉన్నట్టుండి నేలమీద చతికిలబడింది. చెయ్యి పట్టుకుని ఉన్నాను గనుక నేనూ కూర్చుండిపోయాను.

దెబ్బేమీ తగల్లేదు. ఆవిడ ఎముకలు నావాటికన్నా నాలుగు రెట్లు బలమైనవి. కానీ ఆవిడ ముఖం చూస్తే నాకు భయం వేసింది. పుట్టిన దగ్గర్నుంచి సీసం మోసిందే గాని, ఆ బరువు భుజాలదాకానే. ఇక్కడ బుగ్గలు కూడా బరువే, కనురెప్పలు కూడా బరువే. జడ వెనక్కి లాగుతోందంది. ఎవరో నన్ను పట్టుకుని కిందకి లాగుతున్నారండి అని నేలవైపు చూపించింది. ఇంతవరకు ఆవిడ నోట అలాంటి గొంతు నేను వినలేదు.

దారిన పోతున్న ఒకాయన సాయం కావాలా అని అడిగాడు. వద్దన్నాను. ఇప్పుడే వచ్చామని, కాసేపు కూర్చుంటామని చెప్పాను.

కూర్చున్నాం. మెల్లగా లేచే ప్రయత్నం చేసింది. చంద్రుడి మీద లేచినట్టు, వేళ్లతో నేలను నెట్టి. పైకి రాలేదు. మళ్లీ నెట్టింది. గనిలో ఏనుగంత దిమ్మలు కదిపిన మనిషి తనను తాను కదపలేక నా వైపు చూసింది.

అప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన అరుగుమీద నుంచి ఎలా లేచేవాడో, మా మేనత్తలు పీటలమీద నుంచి ఎలా లేచేవారో గుర్తొచ్చింది. భూమ్మీద పుట్టిన ప్రతివాడికీ తెలిసిన విద్య అది. ఇన్నేళ్ల తర్వాత కూడా నా ఒంటికి జ్ఞాపకం ఉంది.

“ఇలా చూడు” అన్నాను. “ముందుకు వంగాలి. రెండు చేతులూ మోకాళ్లమీద వేసుకోవాలి. వేసుకుని, అమ్మా అనాలి. అంటూ లేవాలి.”

“లేవడానికి అమ్మనెందుకండి పిలవడం?”

“తెలీదు. అందరూ అలాగే లేస్తారు.”

ముందు నేను లేచి చూపించాను. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. తర్వాత ముందుకు వంగి, మోకాళ్లమీద చేతులు వేసుకుని, కాస్త సిగ్గుపడుతూ అమ్మా అంది.

లేచింది.